అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేయట్లేదా? హైదరాబాద్ ఓనర్లు లీగల్‌గా ఎలా ఖాళీ చేయించాలి, నోటీసు నుంచి తాళం చేతికొచ్చే దాకా

"మూడు నెలల్నుంచి రెంటు లేదు, ఫోనెత్తట్లేదు, ఇంటికెళ్తే తలుపు తీయట్లేదు, ఏం చేయాలి" అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక మొత్తం ఒకచోట రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు మా అమ్మ పేరు మీదున్న ఇంట్లో పై పోర్షను ఖాళీ చేయించడానికి నోటీసు దగ్గర్నుంచి కోర్టు అమీనా (కోర్టు ఆర్డరు అమలు చేసే ఉద్యోగి) వచ్చి తాళం పగలగొట్టించిన రోజు దాకా తిరిగింది నేనే, ఆ తర్వాత మా మేనమామ ఫ్లాటు విషయంలోనూ తిరిగాను, కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో తెలుసు. మీ కేసు మీ లాయరుకి చూపించుకోవాల్సిందే, ఆయన దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్ళకుండా ఉండటానికి ఇది.

ఇదంతా తెలంగాణ గురించి, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్ళ గురించి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 పేరుతో వేరే అద్దె చట్టం ఉంది, విజయవాడ, వైజాగ్ వాళ్ళు అక్కడి లాయర్ని అడగండి.

1. ముందు కరెంటు, నీళ్ళు, తాళం జోలికి పోకండి

అందరికీ మొదట వచ్చే ఆలోచన ఇదే. మీటర్ దగ్గర ఫ్యూజు పీకేద్దాం, మోటర్ ఆపేద్దాం, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు మన తాళం వేసేద్దాం. పక్కింటి అంకుల్ కూడా ఇదే సలహా ఇస్తాడు, ఆయనకేం, కోర్టుకెళ్ళేది మనం కదా.

అగ్రిమెంటు అయిపోయినా, అద్దె ఎగ్గొట్టినా సరే, ఇంట్లో ఉన్న మనిషిని కోర్టు ద్వారా తప్ప బయటికి పంపడానికి లేదు. బలవంతంగా వెళ్ళగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు కేసు వేసి వాళ్ళు మళ్ళీ లోపలికి రావచ్చు, ఇల్లు ఎవరిదన్నది ఆ కేసులో లెక్కలోకే రాదు. కరెంటు కనీస అవసరం, దాన్ని కాదనడానికి లేదని సుప్రీంకోర్టు 2022లో ఒక అద్దె కేసులోనే చెప్పింది. పైగా మీ మీద క్రిమినల్ కంప్లైంట్ పడితే అప్పటిదాకా బాధితులైన మీరు ముద్దాయిలైపోతారు.

పోలీస్ స్టేషన్ సంగతి కూడా చెప్పేస్తాను. ఖాళీ చేయించే అధికారం పోలీసులకి లేదు, సివిల్ మ్యాటర్ అని పంపించేస్తారు. బెదిరింపులు, కొట్లాట, సామాన్ల ధ్వంసం లాంటివి ఉంటే అప్పుడు వెళ్ళండి, ఆ కంప్లైంట్ కాపీ తర్వాత పనికొస్తుంది.

2. మీ కేసు ఏ దారిలో వెళ్తుందో తేల్చుకోండి

ఇది తేలకుండా నోటీసు రాయించొద్దు. దారులు రెండు.

మొదటిది రెంట్ కంట్రోల్. 1960 నాటి బిల్డింగ్స్ చట్టం ఇప్పటికీ ఉంది, దాన్ని చూసేది రెంట్ కంట్రోలర్. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ఏరియాలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే, మిగతా చోట్ల 2,000 దాటితే ఈ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్ళు కాని బిల్డింగులకీ వర్తించదు.

రెండోది మామూలు సివిల్ కోర్టు. ఆస్తి బదిలీ చట్టం 1882, అదే టీపీ యాక్ట్ అంటారు, దాని ప్రకారం నోటీసిచ్చి, ఖాళీ చేయించమని దావా వేయడం.

ఇప్పుడు హైదరాబాద్‌లో 3,500కి సింగిల్ రూం దొరకడమే కష్టం, కాబట్టి మనలో నూటికి తొంభై మంది వెళ్ళాల్సింది రెండో దారిలోనే. ఓనర్లకి అదే సులువు కూడా. ఎందుకంటే రెంట్ కంట్రోల్‌లో చట్టంలో రాసిన కారణాల్లో ఒకటి రుజువు చేయాలి: కావాలని అద్దె ఎగ్గొట్టడం, మన రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్ళకి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, చుట్టుపక్కలవాళ్ళకి న్యూసెన్స్, నాలుగు నెలలు వరసగా తాళం వేసి వదిలేయడం, మీరు ఓనరే కాదనడం, మీ సొంత అవసరం, ఇలాంటివి. టీపీ యాక్ట్‌లో నెలనెలా అద్దె మీద ఉన్నవాళ్ళని పంపడానికి కారణమే చెప్పక్కర్లేదు, నోటీసు సరిగ్గా ఇస్తే చాలు.

పాత బజార్లలో పాత అద్దెల మీద నడిచే షాపులున్నవాళ్ళకే మొదటి దారి. వాళ్ళు ఆ 1960 చట్టంలోని సెక్షన్ 11 గుర్తుంచుకోండి, బకాయి కట్టకుండా కేసు కొట్లాడే వీలు కిరాయిదారుకి ఉండదు. ఇక్కడి నుంచి నేను రాసేది ఎక్కువగా రెండో దారి గురించే.

3. కాగితాల ఫైలు, లాయర్ని కలిసే ముందే

ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ కొనండి, ఇవన్నీ అందులో పెట్టండి:

- అగ్రిమెంటు ఒరిజినల్, పాతవి ఉంటే అవి కూడా
- ఇంటి రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ కాపీ, ప్రాపర్టీ ట్యాక్స్ రశీదు
- వాళ్ళ ఆధార్ కాపీ, సొంతూరి అడ్రసు, ఆఫీసు అడ్రసు
- అద్దె వచ్చిన ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లేదా యూపీఐలో కనపడేలా ప్రింటు
- బకాయి పట్టిక: ఏ నెల, ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత ఆగింది
- అడ్వాన్సు ఎంత తీసుకున్నారు, దానికి రుజువు
- వాట్సాప్ మెసేజులు (స్క్రీన్‌షాట్ సరిపోదు, ఫోన్ దాచుకోండి, కోర్టులో వేసేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా పెట్టాలి)

అగ్రిమెంటు గురించి రెండు మాటలు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ కావాలనుకుని అందరూ 11 నెలలకి రాసుకుంటారు, కానీ ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన సవరణతో ఇక్కడ ఎంత కాలం లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మూడేళ్ళకి రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే అందులోని షరతులేవీ కోర్టు చూడదు, కేసు మాత్రం పోదు, దాన్ని నెలనెలా అద్దెగా లెక్కేసి 15 రోజుల నోటీసుతో నడిపించుకోవచ్చు.

రెండోది వంద రూపాయల బాండ్ పేపరు. స్టాంప్ డ్యూటీ అద్దెని బట్టి ఉంటుంది, వంద రూపాయలు చాలా సార్లు సరిపోదు. అది కోర్టులో పెట్టగానే అవతలి లాయరు లేచి అభ్యంతరం చెప్తాడు, తక్కువైన డ్యూటీతో పాటు దానికి పదిరెట్ల దాకా పెనాల్టీ పడొచ్చు. ఆ డబ్బు సంగతి దావా వేసే ముందే లాయరుతో లెక్క చూసుకోండి, మధ్యలో ఆగితే రెండు మూడు వాయిదాలు దానికే పోతాయి.

అసలు అగ్రిమెంటే లేదా? కంగారు పడకండి. నెలనెలా మీ అకౌంట్లోకి ఒకే మొత్తం పడుతుంటే అదే పెద్ద సాక్ష్యం. క్యాష్ తీసుకుని రశీదు ఇవ్వని వాళ్ళకే ఇబ్బంది, వాళ్ళు ఇవాళ్టి నుంచే "ఈ నెల అద్దె 14,000 ఇంకా రాలేదు" అని మెసేజ్ పెట్టడం మొదలుపెట్టండి, కిరాయిదారు "ఐదో తారీకు వేస్తా ఆంటీ" అని రిప్లై ఇచ్చినా చాలు, అద్దె ఎంతో వాళ్ళే ఒప్పుకున్నట్టు.

4. అడ్వాన్సు లెక్క

వెళ్ళిపోదామనుకున్నవాళ్ళు ఆఖరి రెండు నెలలు "అడ్వాన్సులో కట్ చేస్కోండి" అంటారు, అది మామూలే. ఇబ్బంది ఎక్కడంటే, మీ దగ్గర మూడు నెలల అడ్వాన్సు పెట్టుకుని రెండు నెలల బకాయి ఉందని కేసు వేస్తే జడ్జి గారు అడిగే మొదటి ప్రశ్న అదే. అగ్రిమెంటులో "అడ్వాన్సు అద్దెకి సర్దుబాటు చేయబడదు, ఖాళీ చేసి తాళాలిచ్చాకే తిరిగి ఇవ్వబడును" అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే బకాయిని గట్టిగా పట్టుకోకుండా నోటీసు ఇచ్చాం, ఖాళీ చేయలేదు అన్న పాయింటు మీదే కేసు నిలబెట్టండి.

5. ఒకసారి మాట్లాడండి, రాతలో

కోపంగా ఉన్నప్పుడు కాదు. ఆదివారం పొద్దున వెళ్ళి, కూర్చుని, ఎందుకు ఆగిందో అడగండి. ఉద్యోగం పోయినవాళ్ళు ఉంటారు, ఇంట్లో ఆసుపత్రి ఖర్చులున్నవాళ్ళు ఉంటారు. రెండు నెలల బకాయి వదిలేస్తాను, ఈ తారీకుకి ఖాళీ చేయండి అంటే ఒప్పుకునేవాళ్ళు చాలామంది. 28,000 వదులుకోవడం బాధే, కానీ కేసు నడిచే కాలంలో పోయే అద్దె ముందు అది తక్కువే, నా మాట నమ్మండి.

మాట్లాడిన రోజు సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టేయండి: "మనం ఈరోజు అనుకున్నట్టు మీరు ఫలానా తారీకుకి ఖాళీ చేస్తామన్నారు." రిప్లై వస్తే సంతోషం, రాకపోతే నోటీసు.

6. నోటీసు, అసలు కేసంతా ఇక్కడే

టీపీ యాక్ట్ సెక్షన్ 106 నోటీసు అంటారు. ఇది తేడా వస్తే రెండేళ్ళు నడిచిన కేసు కూడా కొట్టేస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంటి అద్దెకి, షాపు అద్దెకి కనీసం 15 రోజులు, ఫ్యాక్టరీకి, వ్యవసాయానికి ఇచ్చినదైతే ఆరు నెలలు. అగ్రిమెంటులో నెల అనో రెండు నెలలనో ఉంటే అదే ఇవ్వాలి. ఆ రోజులు వాళ్ళకి నోటీసు అందిన రోజు నుంచి లెక్క, మీరు పోస్టు చేసిన రోజు నుంచి కాదు. నెలాఖరుకే ముగియాలి అన్న పాత రూలు 2002 చివర్లో వచ్చిన సవరణతో పోయింది, అయినా పాత టైపు చేసిన నోటీసుల్నే కొందరు వాడుతుంటారు. రోజులు తక్కువ రాసినా, చట్టం చెప్పిన గడువు అయ్యాకే దావా వేస్తే నోటీసు చెల్లదనడానికి లేదు, అదొక ఊరట.

నోటీసులో ఉండాల్సినవి:

- ఓనర్ పేరు, కిరాయిదారు పేరు (అగ్రిమెంటు భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటే ఇద్దరికీ)
- ఇంటి నంబరు, ఏ అంతస్తు, ఏ పోర్షను, నాలుగు హద్దులు
- ఎప్పటి నుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, ఏ తారీకుకి కట్టాలి
- బకాయి ఉంటే నెలల వారీగా
- "మీ అద్దె హక్కును దీనితో రద్దు చేస్తున్నాము, ఈ నోటీసు అందిన 15 రోజులు పూర్తయ్యేసరికి ఖాళీ చేసి స్వాధీనం చేయవలెను" అన్న వాక్యం స్పష్టంగా
- చేయకపోతే ఆ రోజు నుంచి రోజుకి లేదా నెలకి ఇంత చొప్పున నష్టపరిహారం
- ఓనర్ సంతకం, లేదా ఓనర్ తరఫున లాయరు సంతకం

ఆ "రద్దు చేస్తున్నాము" అన్న మాట లేకుండా "అద్దె కట్టండి, లేకపోతే చర్య తీసుకుంటాం" అని మాత్రమే రాసిన నోటీసులు చూశాను. అది డబ్బులడిగే ఉత్తరమే, క్విట్ నోటీసు (ఖాళీ చేయమనే నోటీసు) కాదు.

మా మొదటి నోటీసు ఎందుకు వేస్టయిందో చెప్తాను. మా ఇంటికి పాత నంబరొకటి, కొత్త నంబరొకటి. అగ్రిమెంటులో పాతది, గేటు మీద కొత్తది. లాయరు గుమాస్తా అగ్రిమెంటు చూసి పాతది కొట్టాడు, నేను చదవకుండా అమ్మ చేత సంతకం పెట్టించాను. వారం తర్వాత కవరు వెనక్కొచ్చింది, మీద ఎర్ర ఇంకుతో "అడ్రసు సరిగా లేదు" అని. పై పోర్షనుకి రావాల్సిన కవరు కింద పోర్షనులో ఉన్న మాకే తిరిగొచ్చింది! మళ్ళీ రాయించి పంపేసరికి నెల పోయింది. కాబట్టి రెండు నంబర్లూ రాయించండి.

పంపడం ఎలా అంటే:

- పోస్టులో, చేరినట్టు రుజువుతో. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, కవరు ఎవరి పేరున ఉందో వాళ్ళ చేతికే ఇవ్వాలని, డెలివరీ ప్రూఫ్ కావాలని కౌంటర్లో అడిగి తీసుకోండి
- ఇంటి అడ్రసుకి ఒకటి, ఆఫీసుకి ఒకటి, సొంతూరికి ఒకటి
- అదే నోటీసు పీడీఎఫ్ వాట్సాప్‌లో, మెయిల్‌లో
- పోస్టు రశీదు జిరాక్స్ తీయండి, ఆ ఇంకు ఆర్నెల్లకి ఎగిరిపోతుంది
- ట్రాకింగ్ పేజీ డెలివరీ అయిన రోజే ప్రింటు తీయండి, తర్వాత కనపడదు

"తీసుకోలేదు" అని రాసి కవరు వెనక్కొస్తే దాన్ని తెరవకండి. సరైన అడ్రసుకి పంపి, వాళ్ళు తీసుకోకపోతే అందినట్టే లెక్క. ఆ కవరు సీలుతో సహా కోర్టులో ఇవ్వాలి. "డోర్ లాక్" అని వస్తే మళ్ళీ పంపండి, మీరుగా ఇవ్వబోయినా వాళ్ళు గాని ఇంట్లోవాళ్ళు గాని తీసుకోకపోతే తలుపుకి అంటించి ఇద్దరు సాక్షులతో ఫోటో తీయించండి.

7. ఆ 15 రోజుల్లో చేయాల్సిన రెండు పనులు

ఒకటి కేవియట్. నోటీసు అందగానే కొందరు కిరాయిదారులు కోర్టుకి పరిగెత్తి "ఓనర్ నన్ను బలవంతంగా గెంటేస్తున్నాడు" అని ఇంజంక్షన్, అంటే మిమ్మల్ని ఆపే ఆర్డరు, అడుగుతారు, మీకు తెలియకుండానే ఆర్డరు వచ్చేస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148-ఏ కింద కేవియట్ వేస్తే మీకు చెప్పకుండా అలా ఆర్డరివ్వరు. 90 రోజులు పనిచేస్తుంది, తర్వాత మళ్ళీ వేసుకోవాలి. ఖర్చు చాలా తక్కువ.

రెండోది, ఈ టైంలో వాళ్ళు సడెన్‌గా అద్దె వేసేస్తారు. నోటీసు గడువు తర్వాత కాలానికి అద్దె తీసుకుంటే మీరు నోటీసు వదులుకున్నట్టే అని వాదిస్తారు, టీపీ యాక్ట్ సెక్షన్ 113 అదే. డబ్బు తీసుకున్నంత మాత్రాన వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది గానీ, వాదనకి చోటెందుకివ్వాలి? డబ్బు పడిన రోజే ఒక మెసేజు, ఒక ఉత్తరం: "మీరు వేసిన 14,000 ఇంట్లో ఉంటున్నందుకు నష్టపరిహారం కింద మాత్రమే జమ చేసుకుంటున్నాము, అద్దెగా కాదు, మా నోటీసు అలాగే ఉంది." అప్పటి నుంచి రెంట్ రశీదు ఇవ్వకండి, అద్దె పెంచమని అడగకండి, కొత్త అగ్రిమెంటు మాట అసలే ఎత్తకండి.

8. దావా

గడువు అయిపోయింది, కదల్లేదు. ఇప్పుడు లాయరు దావా రాస్తారు. ఇల్లు ఏ ఏరియాలో ఉంటే ఆ కోర్టు, ఎల్‌బీ నగర్ వైపైతే రంగారెడ్డి జిల్లా కోర్టులు, సిటీ లోపలైతే సిటీ సివిల్ కోర్టు, అలా.

కోర్టు ఫీజు గురించి అందరూ భయపడతారు, కోటి రూపాయల ఇల్లు కదా అని. ఖాళీ చేయించే దావాకి ఫీజు ఇంటి విలువ మీద కాదు, దావా వేసే ముందు ఏడాది అద్దె మీద లెక్కేస్తారు. నెలకి 14,000 అయితే 1,68,000 మీద అన్నమాట. బకాయి కూడా అడిగితే దానికి వేరే.

దావాలో మూడూ ఒకేసారి అడగండి: ఇల్లు స్వాధీనం, పాత బకాయి (మూడేళ్ళు దాటిన బకాయి రాదు), నోటీసు గడువు నుంచి ఖాళీ చేసే రోజు దాకా నష్టపరిహారం. తర్వాత వేరే కేసు వేద్దాంలే అనుకుంటే మళ్ళీ అదే తిరుగుడు.

పోర్షను మాత్రమే అద్దెకిచ్చినవాళ్ళు చేత్తో గీసిన ప్లాను ఒకటి జత చేయండి, అద్దెకిచ్చిన భాగం ఎర్ర రంగులో. మా అమ్మ గీసిన ప్లానులో మెట్ల పక్కనున్న చిన్న స్టోర్ రూం వదిలేసింది, రేపు డిక్రీలో (కోర్టు తుది ఆర్డరులో) అది రాకపోతే తాళం ఎవరిదని లాయరు అడిగితే మళ్ళీ గీశాం.

9. కేసు నడుస్తున్నప్పుడు

సమన్లు అందాక వాళ్ళ జవాబుకి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే వాళ్ళు లేకుండానే కేసు నడుస్తుంది. వస్తే ఈ రెండు అడగమని లాయరుకి గుర్తు చేయండి, చాలామంది లాయర్లు వాళ్ళంతట వాళ్ళు వేయరు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 15-ఏ: కేసు నడిచినన్నాళ్ళూ అద్దె కోర్టులో కట్టాలి, కట్టకపోతే వాళ్ళ వాదనే కొట్టేయమని అడగొచ్చు. ఉచితంగా ఉండటం కుదరదని తెలిసిన రోజే సగం మంది దారికొస్తారు.

ఆర్డర్ 12 రూల్ 6: అద్దెకున్నది నిజం, అద్దె ఇంత, నోటీసు అందింది అని జవాబులోనే ఒప్పుకుంటే సాక్ష్యాల దాకా పోకుండానే డిక్రీ అడగొచ్చు.

సాక్ష్యం చెప్పే రోజుకి ఓనర్‌ని సిద్ధం చేయండి. మా అమ్మని అవతలి లాయరు అడిగినవి చాలా చిన్న ప్రశ్నలు. అద్దె ఏ తారీకున ఇచ్చేవారు, రశీదు ఎందుకివ్వలేదు, అడ్వాన్సు మీ చేతికిచ్చారా మీ అబ్బాయి చేతికా. గుర్తులేకపోతే గుర్తులేదు అని చెప్పమని ముందు రోజు నాలుగుసార్లు చెప్పాను. అమ్మ మాత్రం బోనులో నిలబడి "మా కోడలి సీమంతం నెల నుంచి ఇవ్వడం మానేశారండి" అంది, జడ్జి గారు నవ్వి తారీకు చెప్పమన్నారు. తారీకులు ఒక చీటీ మీద రాసి నాలుగు రోజుల ముందే ఇవ్వండి పెద్దవాళ్ళకి.

ఎంత కాలం పడుతుంది అంటే, ఎక్స్‌పార్టీ అయితే నెలల్లో, గట్టిగా కొట్లాడితే ఏళ్ళు. వాయిదాకి వెళ్ళకపోతే ఇంకా ఎక్కువ.

10. మధ్యలో రాజీకొస్తే తెల్ల కాగితం మీద వద్దు

కేసు సగంలో "రెండు నెలల్లో వెళ్ళిపోతాం" అని వస్తారు. మంచిదే, కానీ నోటరీ కాగితం మీద రాయించుకుని కేసు వాపస్ తీసుకున్నారో, రెండు నెలల తర్వాత మళ్ళీ మొదటి మెట్టు.

దాన్ని లోక్ అదాలత్‌లో రికార్డు చేయించండి. అక్కడిచ్చే అవార్డు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది. చెప్పిన తారీకుకి వెళ్ళకపోతే నేరుగా అమలుకి పోవచ్చు. కేసు వేయకముందే కూడా జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ దగ్గర ప్రీ లిటిగేషన్ కింద ఇది చేసుకోవచ్చు, అక్కడికి రావడానికి వాళ్ళు ఒప్పుకుంటే దీనంత మంచి దారి లేదు.

11. ఓనర్ అమెరికాలో ఉంటే

మా మేనమామ డల్లాస్‌లో, ఫ్లాటు మియాపూర్‌లో. ఇలాంటివాళ్ళు చాలామంది కాబట్టి వేరేగా రాస్తున్నాను.

- ఇక్కడున్న నమ్మకమైన మనిషికి జీపీఏ (ఓనర్ తరఫున పనులు చేసే అధికార పత్రం) ఇవ్వాలి, అందులో నోటీసివ్వడం, కేసు వేయడం, సంతకాలు, స్వాధీనం తీసుకోవడం అన్నీ విడివిడిగా రాయాలి
- ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించడమో, అక్కడి నోటరీ, దానిమీద అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర) చేయించడమో
- ఆ కాగితం ఇండియాలో అందిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి, ఇది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ
- జీపీఏ ఉన్న మనిషి తనకి స్వయంగా తెలిసిన విషయాలే సాక్ష్యం చెప్పగలడు, ఓనర్ మనసులో మాట చెప్పలేడు. కాబట్టి అద్దె వసూలు మొదట్నుంచీ ఎవరు చూస్తున్నారో వాళ్ళకే జీపీఏ ఇవ్వండి

12. డిక్రీ వచ్చాక

డిక్రీలో కోర్టు గడువిస్తుంది. అప్పీలుకెళ్తే స్టే అడుగుతారు, అప్పుడు మీ లాయరు మార్కెట్ రేటు ప్రకారం నెలనెలా డబ్బు కట్టే షరతు మీదే స్టే ఇవ్వమని అడగాలి, ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే ఇది చెప్పింది. ఆ ఏరియాలో ఇప్పటి అద్దెల వివరాలు మీరే సేకరించి ఇవ్వండి.

స్టే లేదు, ఖాళీ చేయలేదు అంటే ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్. కోర్టు వారంట్ ఇస్తుంది, అమీనా వస్తాడు. గొడవవుతుందనుకుంటే పోలీసు సాయం, తాళం పగలగొట్టే పర్మిషన్ రెండూ ముందే ఆర్డరులో తీసుకోండి.

ఆ రోజుకి కావాల్సినవి:

- తాళాలు తీసే మనిషి, రెండు కొత్త తాళాలు
- ఇద్దరు సాక్షులు, మన చుట్టాలు కాకపోతే మంచిది
- సామాను దించడానికి మనుషులు, అట్టపెట్టెలు
- వీడియో తీయడానికి ఒకరు
- మంచినీళ్ళు, ఎందుకంటే సాయంత్రం దాకా పడుతుంది

మా ఇంటికి అమీనా పదకొండింటికి వచ్చాడు. తలుపు బయట వారంట్ చదివాడు, లోపల్నుంచి పలకలేదు, వాళ్ళు అంతకుముందే తాళం వేసి వెళ్ళిపోయారు. తాళం పగిలాక గదిగదికీ తిరిగి ప్రతి వస్తువూ పంచనామాలో రాశాడు: ప్లాస్టిక్ కుర్చీలు మూడు, గ్యాస్ సిలిండరు ఒకటి, ఖాళీది, దేవుడి పటాలు ఐదు. బాల్కనీలో తులసి కుండీ ఎండిపోయి ఉంది, అది కూడా రాశాడు. సామాను మీరు పారేయకండి, అమ్మకండి, కోర్టు ఎలా చెప్తే అలా భద్రంగా పెట్టండి, పంచనామాలో లేని ఒక్క గ్లాసు కూడా రేపు "బంగారం పోయింది" అయి కూర్చుంటుంది.

13. ఎక్కువమంది అడిగేవి, త్వరగా

*పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందట కదా?* అవ్వదు. మన అనుమతితో అద్దెకున్నవాళ్ళు ఎన్నాళ్ళున్నా కిరాయిదారులే. కాకపోతే అద్దె రద్దు చేశాక పన్నెండేళ్ళ లోపు దావా వేసుకోవాలి.

*11 నెలల గడువు పూర్తయింది, నోటీసెందుకు?* గడువు తీరాక మీరు ఒక్క నెల అద్దె తీసుకున్నా నెలనెలా కిరాయి మొదలైందని వాదన వస్తుంది. నోటీసు ఇచ్చేయండి, పోయేదేముంది.

*గడువు ఇంకా ఉంది కానీ అద్దె ఇవ్వట్లేదు?* అద్దె కట్టకపోతే లీజు రద్దు చేసుకోవచ్చన్న షరతు అగ్రిమెంటులో ఉండాలి. ఉన్నా, కేసు విచారణకొచ్చాక వడ్డీతో, ఖర్చులతో మొత్తం కట్టేస్తే టీపీ యాక్ట్ సెక్షన్ 114 కింద కోర్టు వాళ్ళని ఉండనివ్వొచ్చు.

*కిరాయిదారు ఉన్న ఇల్లు కొన్నాను?* పాత ఓనర్ హక్కులు మీకొస్తాయి. కొన్నామని, అద్దె ఇకపై మాకివ్వాలని ముందొక ఉత్తరం పంపండి, తర్వాత నోటీసు.

14. తాళం చేతికొచ్చిన రోజు

రాజీగా ఖాళీ చేసినా, కోర్టు ద్వారా అయినా, ఆ రోజు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి. వాళ్ళ చేత "ఇల్లు ఖాళీ చేసి స్వాధీనం చేశాము, మా సామాను ఏమీ లేదు" అని తారీకు వేసి సంతకం పెట్టించుకోండి, అడ్వాన్సులో బకాయి, కరెంటు బిల్లు, పెయింటింగ్ తీసేసి మిగిలింది బ్యాంకు ద్వారానే ఇవ్వండి, క్యాష్ వద్దు. తాళం అదే రోజు మార్చండి. డూప్లికేటు తాళం తిరిగిచ్చేశాం అంటారు, వాళ్ళ దగ్గర ఇంకోటి ఉండదని ఏముంది.

కోర్టు ద్వారా అయితే అమీనా రిపోర్టు, స్వాధీనం రికార్డయిన కాపీ సర్టిఫైడ్‌ది తీసుకుని అదే ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టండి. టులెట్ బోర్డు ఆ తర్వాతే కట్టండి, మేము ఆ కాపీ రాకముందే కట్టేస్తే చూడటానికి వచ్చిన మొదటి పార్టీకి కిందింటి ఆవిడ కేసు కథంతా చెప్పి పంపించేసింది.